రెండో సగం

మెట్టుగూడ రైల్వే క్వార్టర్లో
ఏడున్నరకి కుక్కర్ ఆగేది, జపమాల మొదలయ్యేది.
తిరుహృదయం పటం కింద ఎర్ర జీరో బల్బు.
పటం వెనక నిరుటి మ్రానికొమ్మ
ఎండి, బల్లి తోకలా బయటికి తొంగిచూసేది.
గుణదల నుంచి తెచ్చిన మరియమ్మ సీసాలో
తీర్థం సగానికి దిగింది.
నీలం కిరీటమే దాని మూత.

మంగళవార్త జపంలో మొదటి సగం నాన్నది,
రెండో సగం అమ్మది, ఆమె వెనక మాది.
ఆయన 'వందనం' అని ఎత్తుకుంటే
ఆమె 'మరణ సమయం' దాకా మోసుకొచ్చి దింపేది.
యాభైమూడు సార్లు.
మూడో పదిలో ఒక పూస ఎప్పుడో రాలిపోయింది.
దాని చోట నాన్న యూనిఫాం గుండీ.
చీకట్లో వేలికి అది తగిలితే
సగం అయిపోయిందని సంతోషం మాకు.

ఆ ఏడు విభూతి బుధవారం నాడు
చిట్టీ ఆఫీసు మనిషి వచ్చి
ఇన్నయ్య బాబాయి కనిపించడం లేదన్నాడు.
జామీను సంతకం నాన్నది.
జాకెట్టుకి పన్నెండు రూపాయల చొప్పున
అమ్మ కూడబెట్టి కొన్న కుట్టుమిషన్
మర్నాడే ఆటో ఎక్కింది.

తపస్సు కాలంలో మేం మాంసం మానేశాం.
చెల్లి లూర్దు ఉస్మానియా బిస్కెట్లు మానేసింది.
అమ్మ నాన్నతో మాట మానేసింది.

అన్నం పెట్టేది. డబ్బా కట్టేది.
"మీ నాయినకు చెప్పు, పాలోడు వచ్చిండని,"
పక్కనే ఉన్న మనిషికి నా మీదుగా కబురు.
కానీ ఏడున్నర అయితే
ఆయన సగం ఆయన చెప్పేవాడు,
ఆమె సగం ఆమె చెప్పేది.
దేవమాతకు బాకీ పెట్టలేదు ఇద్దరూ.

అసలు పోట్లాట మనవుల దగ్గర.
"చదవకుండ సంతకాలు పెట్టేటోళ్ల కోసం," అమ్మ.
ప్రభువా, మా మనవి ఆలకించండి, మేం.
"తోడబుట్టినోన్ని కాదనలేనోళ్ల కోసం," నాన్న.
ప్రభువా.
"పండగకు జాకెట్లు ఒప్పుకొని మిషన్ లేనోళ్ల కోసం."
ప్రభువా.
"ఏడు డెబ్బైల లెక్క మర్చిపోయినోళ్ల కోసం."
"ఆ లెక్కకు వడ్డీ కట్టేటోళ్ల కోసం."
లూర్దుకి నవ్వొచ్చేది. నేను గిల్లేదాన్ని.
గోడ అవతల జైబున్నీసా ఆంటీ
నమాజు ముగించి, రొట్టెలు కూడా ముగించి,
మీది ఇంకా కాలేదా అన్నట్టు గిన్నెలు సర్దేది.

పవిత్ర గురువారం, పాదాలు కడిగే పన్నెండుమందిలో
నాన్న పేరు వచ్చింది.
లాలాగూడ వర్క్‌షాప్ గ్రీజు ఇరవయ్యేళ్ళుగా దిగిన మడమలు.
గుళ్ళో నలుగురిలో నవ్వులపాలు కాకూడదని
మధ్యాహ్నం నుంచీ నల్లా కింద తోముకున్నాడు.
అమ్మ చూసింది.
కిరోసిన్ గుడ్డా, నల్లరాయీ గడప మీద పెట్టి వెళ్ళింది.
నాతో కూడా ఏమీ అనలేదు.

ఫాదర్ గారు వంగారు, పోశారు, తుడిచారు,
ముద్దుపెట్టుకున్నారు.
నాన్న చెవులు ఎర్రబడ్డాయి.
ఆయన తేరుకునేలోపు పక్కాయన వంతు.

రాత్రి ఇంటికొచ్చి మంచం పట్టె మీద కూర్చుని
నాన్న తన కుడిపాదం చూసుకుంటున్నాడు,
ఎవరి దగ్గరో చేబదులు తెచ్చినదాన్ని చూసినట్టు.
అమ్మ వంటింట్లోంచి బొక్కెన మోసుకొచ్చింది.
వేడినీళ్ళు, గుప్పెడు గల్లుప్పు.
నన్ను పిలవలేదు.
"ఫాదరు ఒక్కటే కడిగిండు,"
నలభై రోజులు వాడని గొంతుతో అంది,
"ఎడమకాలు ఎవరు కడగాలె మరి?"

నాన్న నోట్లో ఏదో మొదటి సగం కదిలింది.
బయటికి రాలేదు.
నీళ్ళు మెల్లగా గ్రీజు రంగుకి తిరిగాయి.

మిషన్ మళ్ళీ ఇంటికి రాలేదు.
ఇన్నయ్య బాబాయి వచ్చాడు, రెండేళ్ళకి,
సంచినిండా జామకాయలతో.
అమ్మ ఆయనకు అన్నం పెట్టింది.
ఏడున్నరకి, ఆయన కూడా మోకరించాక,
కళ్ళు మూసుకుని, చాలా నెమ్మదిగా,
"జామకాయలతో బాకీ తీరుతుందనుకునేటోళ్ల కోసం" అంది.

అందరికంటే ముందు ప్రభువా అన్నది నాన్నే.